సుగుణమ్మ గారి సూదిమత్తు

పక్కింట్లో పప్పుకి వెల్లుల్లి పోపు పెడితే ఆ పూట నాకు అన్నం సహించదు. జన్మంతా ఆపరేషన్ థియేటర్లో గడిపిన మనిషికి ఈ చాదస్తం ఏమిటని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ వాసన వెంట బందరు మిషన్ ఆసుపత్రీ, సుగుణమ్మ గారూ వస్తారని ఆ పిల్లకేం తెలుసు?

గుడివాడ బడిపంతులు కూతుర్ని నేను. అరవయ్యో దశకంలో డాక్టరు చదువు ముగించుకుని ఆ బందరు ఆసుపత్రిలో చేరితే, మత్తు ఇవ్వడం నేర్పింది సుగుణమ్మ గారే. కృత్తివెన్ను దగ్గరి పల్లెలో క్రైస్తవుల ఇంటి ఆడపడుచు. మాట కటువు, చెయ్యి మెత్తన. అప్పట్లో మత్తంటే ముక్కు మీద గుడ్డముసుగు పెట్టి ఈథర్ చుక్కలు వెయ్యడమే. రోగి ఉక్కిరిబిక్కిరై, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, ఆఖరికి నిద్రపోయేవాడు. నరంలోకి ఎక్కించే పెంటోథాల్ మాకు కొత్త. మాట పూర్తయ్యేలోగా నిద్ర. నాకు అదే ముద్దు. ఆవిడ గదమాయించేవారు.

"సుఖంగా ఉందని సంబరపడకమ్మాయ్. ఈథర్ ఏడిపిస్తుంది గానీ, ఎక్కువైతే ముసుగు తీసెయ్యి, ఊపిరితో బయటికి పోతుంది. నరంలోకి వెళ్ళింది ఇక మన చేతిలో ఉండదు. రక్తం పోయిన మనిషికి అసలివ్వకు. గుండె నిలవదు."

ఒక మధ్యాహ్నం దివిసీమ నుంచి నాంచారమ్మను తీసుకొచ్చారు. గర్భం సంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి, ఆ గొట్టం పగిలింది. కడుపు నిండా రక్తం, మొహం సున్నంలా తెల్లబడింది. ముసుగు చూడగానే కెవ్వుమంది. చిన్నప్పుడు రేవులో పడవ తిరగబడి, మునిగి బతికిందట.

"మూతి మీద గుడ్డెయ్యకండమ్మా! మళ్ళీ నీళ్ళల్లో పడ్డట్టుంటది. మా ఆడబిడ్డకిచ్చిన సూదే ఇవ్వండి, మీకు దండం పెడతాను."

సుగుణమ్మ గారు ఆమె చేతులు పట్టుకుని ఎంతో బతిమాలారు. ఆ తల అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. సర్జన్ గారు తొందరపెడుతున్నారు. "సరేనమ్మా, కొంచెమే," అన్నారు ఆవిడ. నేను తలెత్తి చూశాను. ఆవిడ నావైపు చూడలేదు.

"నోట్లో వెల్లుల్లి వాసనొస్తందమ్మా," అంది నాంచారమ్మ, భయం పోయిన గొంతుతో. ఆ మందు ఎక్కుతుంటే చాలామందికి అలాగే ఉంటుంది. అదే ఆమె ఆఖరి మాట. నాడి జారిపోయింది. మేమెంత పాటుపడినా తిరిగి రాలేదు.

మా ఆసుపత్రిలో అలాంటప్పుడు పాస్టరు గారు వరండాలోకి వెళ్ళి "ప్రభువు చిత్తం" అనేవారు. డాక్టర్లు వెనక తలుపు నుంచి వెళ్ళిపోయేవారు. ఆ రోజు ఆయన నోరు తెరవబోతుంటే సుగుణమ్మ గారు అడ్డుకున్నారు.

"ఇది దేవుడి మీద వెయ్యకండి అయ్యగారూ," అని నాంచారమ్మ భర్త ముందు నిలబడ్డారు. "మందు నేనిచ్చాను బాబూ. ఇవ్వకూడదని తెలిసే ఇచ్చాను."

"అదే అడిగింది కదండీ, ఆ కేకలు ఇక్కడికే వినపడ్డాయి," అన్నాడతను.

"అడగడం ఆ తల్లి వంతు. కాదనడం నా వంతు. అనలేకపోయాను."

అతను ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఆఖర్న భయపడిందా అండీ?"

"లేదు బాబూ."

అతను అక్కడే కూలబడి భోరుమన్నాడు. ఆవిడ కదల్లేదు.

సూది ఇవ్వడం ఆవిడ మానలేదు. రక్తం పోయినవాళ్ళకి మాత్రం, ఎంత ఏడ్చినా ఈథరే. ఆ ఏడుపు విన్న రోజు ఆవిడ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నా చేతుల్లోనూ మనుషులు పోయారు. ప్రతిసారీ ముందు తలుపు నుంచే వెళ్ళి చెప్పాను. ఒక్కసారీ సులువు కాలేదు. ఒకాయన నా చెంప ఛెళ్ళుమనిపించాడు. ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను గానీ, మర్నాడు ఆయనే వచ్చి అసలేం జరిగిందని అడిగితే, కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.