ఏడో ఇల్లు

మా ఊరి సెరోబ్ చూసినన్ని మఠాలు మా పాదిరిగారు కూడా చూసి ఉండరు. ఎండాకాలమంతా తన తెల్ల కారులో పరదేశీయులను ఎక్కించుకుని పొద్దున ఖోర్ విరాప్, మధ్యాహ్నం మా గెఘార్ద్, ఓపికున్నవాళ్లకు మధ్యలో మరో రెండు రాతి చర్చిలు చూపించి, చీకటి పడేలోగా యెరెవాన్ నగరంలో దింపేస్తాడు. కథ చెప్పడంలో అతనికి అతనే సాటి. ఏ రాజు ఏ గోడ కట్టించాడో చెబుతూ రెండు చేతులూ స్టీరింగు మీది నుంచి తీసేస్తాడు. వెనక కూర్చున్నవాళ్లు ఆ రోజు మొత్తంలో దేవుణ్ణి నిజంగా తలుచుకునేది అప్పుడే.

అలాంటి మనిషి ఏ చర్చికి వెళ్లినా గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. "మీరు రారా?" అని ఎవరైనా అడిగితే, "కారు ఎవరు చూస్తారండీ?" అంటాడు. ఆ కారును ఎత్తుకుపోయే మొనగాడు ఎవడు? మూడో గేరు పడాలంటే దాన్ని చంటిపిల్లలా బుజ్జగించాలి.

నా పేరు శుషాన్. గెఘార్ద్ మఠం వాకిట్లో గాతా అనే తీపి రొట్టెలు అమ్ముతాను. మఠానికి వెళ్లే దారిలో చివరి ఊరు మాది. సెరోబ్ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. అతను ఎందుకు లోపలికి వెళ్లడో నాకు తెలుసు. ఆ మాటకొస్తే ఊరందరికీ తెలుసు.

అతని కొడుకు లెవోన్, నా కొడుకు గోర్ ఒకేసారి యుద్ధానికి వెళ్లారు. ఒకే కందకంలో ఉన్నారు. పిల్లాడు ప్రాణాలతో వస్తే గెఘార్ద్‌లో పొట్టేలును బలి ఇస్తామని రెండిళ్లలోనూ మొక్కుకున్నాం. లెవోన్ ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోగొట్టుకుని వచ్చాడు. గోర్ రాలేదు. నా మొక్కు తీర్చే పని పడలేదు.

సెరోబ్ ఆ వారమే పొట్టేలును తెచ్చాడు. మా వైపు పద్ధతి ఏమిటంటే, ఎవరి కోసం మొక్కుకున్నారో ఆ మనిషే పొట్టేలు తాడు పట్టుకుని చర్చి చుట్టూ మూడుసార్లు తిప్పాలి. పాదిరి దీవించిన ఉప్పు దాని నోట్లో పెట్టాలి. మాంసం తన చేత్తోనే ఏడు ఇళ్లకు పంచాలి. పొద్దు గూకేసరికి తమ ఇంట్లో ముక్క మిగలకూడదు. ఇంత పనికీ లెవోన్ కావాలి. వాడేమో ఆసుపత్రి నుంచి వచ్చి గదిలో దూరినవాడు, రెండేళ్లయినా గడప దాటలేదు. కొత్తగా చేయించిన కట్టుడు కాలు మేజోడుతో సహా మంచం కింద పడి ఉంది. నడవలేక కాదు. వాళ్ల ఇంట్లోంచి రోడ్డు ఎక్కాలంటే మా గేటు ముందు నుంచే పోవాలి. నా మొహం చూడాలి. అదీ అసలు సంగతి. ఎవరూ పైకి అనలేదు, నేనూ అనలేదు.

మొక్కు తీర్చకుండా దేవుడి ఎదుటికి ఏ మొహంతో వెళ్లనని సెరోబ్ బయటే నిలబడేవాడు. ఈలోగా పొట్టేలు పెరట్లో మేసి మేసి బలిసింది. సెరోబ్ భార్య వార్సెనిక్ దానికి దొర అని పేరు పెట్టింది. మొక్కు జీవానికి పేరు పెట్టకూడదే తల్లీ అని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను.

"పేరేమిటే శుషాన్! ఊరికే పిలుస్తున్నానంతే" అంది.

ఊరికే పిలిస్తే అది పరిగెత్తుకొచ్చి ఆమె చేతిలో ఆపిల్ తొక్కలు తినేది. గోడ మీంచి నేను వేసే క్యాబేజీ ఆకులకు కూడా అలవాటు పడింది. ఊళ్లో మగవాళ్లు "ఏం సెరోబ్, దొరగారికి సంబంధాలు చూస్తున్నారా?" అని ఏడిపించేవాళ్లు. సెరోబ్ నవ్వేసేవాడు.

వార్సెనిక్ రోజూ కొడుకు గది ముందు పళ్లెం పెట్టి, తలుపు మీద వేలితో మెల్లిగా తట్టి వెళ్లిపోయేది. ఖాళీ పళ్లెం మళ్లీ తీసుకునేది. నేను కూడా గాతా చేసినప్పుడల్లా ఒకటి గోడ మీంచి అందించేదాన్ని. అదీ ఆ పళ్లెంలోకే వెళ్లేది. ఎవరం ఒక్క మాట మాట్లాడేవాళ్లం కాదు. ఆ ఇంట్లో అందరూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా మసలుకునేవాళ్లు.

మొన్న సెప్టెంబరులో ఒకావిడ పరదేశంలోని మార్సెయిల్ నుంచి వచ్చింది. సిరానుష్ గారు. మా జాతే, మా భాషే, యాస మాత్రం నవ్వొచ్చే యాస. డెబ్బై దాటిన మనిషి. రోజంతటికీ కారు తన ఒక్కదానికే మాట్లాడుకుంది, తోడుగా ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని అడిగింది. సెరోబ్ గోడ మీంచి తల పెట్టి, "శుషాన్, నువ్వు రా. నీ నోరు ఉంటే నాకు కథలు చెప్పే పని తప్పుతుంది" అన్నాడు. ఆ రోజుకు గాతాల బుట్ట మా ఆడపడుచుకు అప్పగించి బయల్దేరాను.

దారిలో గ్యాసు బంకు దగ్గర ఆగాం. గ్యాసు పడుతున్నంతసేపూ అందరూ కారు దిగి దూరంగా నిలబడాలి కదా. సిరానుష్ గారు భయపడిపోయింది.

"ఏమబ్బాయీ, ఇది పేలుతుందా?"

"పేలితే మనం దూరంగానే ఉన్నాం కదండీ మామ్మగారూ!"

"మరి మళ్లీ ఎక్కాక?"

"ఎక్కాక దేవుడి చేతిలో పనండీ. అందుకేగా మఠాలకు వెళుతున్నాం!"

ఆవిడ పకపకా నవ్వింది. ఆ తర్వాత ఖోర్ విరాప్ దాకా నోరు మూయలేదు. నేను మాట్లాడే సందు దొరక్క కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ కూర్చున్నాను.

ఖోర్ విరాప్‌లో చిన్న చర్చి లోపల నేలలో ఒక కంత ఉంటుంది. అందులోంచి నిట్టనిలువు ఇనుప నిచ్చెన గోతిలోకి దిగుతుంది. మా జాతికి క్రీస్తు మతం ఇచ్చిన గ్రిగోర్ స్వామిని పూర్వం రాజు పదమూడేళ్లు అందులోనే పడేసి ఉంచాడు. సిరానుష్ గారు దిగుతానని పట్టుబట్టింది.

"మామ్మగారూ, వద్దండీ. పైనుంచి దణ్ణం పెట్టుకోండి చాలు" అని సెరోబ్ గుమ్మం అవతల నుంచే బతిమాలాడు.

"మా అమ్మమ్మది ఆ కనబడే కొండకు అవతలి ఊరు. ఊచకోతల రోజుల్లో ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయింది. ఈ గోతిలో కాలు పెట్టాలని చచ్చిపోయేదాకా అంటూనే ఉంది. ఆవిడ బదులు నేను దిగుతాను. నువ్వు కింద ఉండి నా పాదం పట్టుకుంటావా, లేక నన్ను పడిపోమంటావా?"

సెరోబ్ నా వంక చూశాడు. "వెళ్లు అన్నయ్యా. దేవుడేమీ అనుకోడు, మామ్మగారు మాత్రం తప్పకుండా అనుకుంటుంది" అన్నాను. అతను టోపీ తీసి, తల వంచుకుని గుమ్మం దాటాడు. ముందు తను దిగి, ఆవిడ పాదాలు ఒక్కొక్క మెట్టు మీద పెట్టిస్తూ కిందికి తీసుకెళ్లాడు. నేను కంత దగ్గర కూర్చున్నాను. కింది మాటలు ఇంత స్పష్టంగా వినిపిస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఇప్పుడు చెప్పబ్బాయీ కథ" అంది ఆవిడ.

సెరోబ్ చెప్పాడు. ఒక విధవరాలు రోజూ వచ్చి పైకంతలోంచి ఒక రొట్టె వేసేదని, ఆ రొట్టెతోనే స్వామి బతికాడని చెప్పాడు. వెయ్యిసార్లు చెప్పిన కథే.

"రొట్టె వేసి ఏమనేది?"

"ఏమనడమేమిటండీ? కథలో అంతే ఉంది."

"అయితే ఆ కథ మగవాళ్లు రాసినదే. పదమూడేళ్లు రొట్టె విసిరి, నోరు మూసుకుని వెళ్లిపోయే ఆడది ఎక్కడైనా ఉంటుందా? 'ఒరేయ్, బతికున్నావా? నిన్నటిది తిన్నావా? పలకవేం?' అని కేకలు వేసే ఉంటుంది. ఆ కేకలకే బతికాడు. ఉత్త రొట్టెకు మనిషి బతుకుతాడా?"

నా పక్కన నిలబడ్డ వాళ్లెవరో నవ్వారు. కింద సెరోబ్ నవ్వలేదు. నాకు మాత్రం వార్సెనిక్ పళ్లెం, అందులో నా గాతా కళ్ల ముందు కదిలాయి. ఒళ్లు మండింది కూడా. ఎక్కడో మార్సెయిల్‌లో ఉన్న ఆవిడకు తట్టింది, గోడ పక్కన ఉన్న నాకు తట్టలేదే అని.

ఎక్కి వచ్చేటప్పుడు సెరోబ్ కాలు మెట్టు మీంచి జారింది. చీలమండ బెణికి, వాచి బూటులో బిగుసుకుపోయింది. పళ్లు బిగించి కారైతే నడిపాడు గానీ, మా ఊరు వచ్చేసరికి మొహం పాలిపోయింది. కట్టు కట్టించుకోవడానికి ఇంటి ముందు ఆపాడు. సిరానుష్ గారు పెరట్లోకి రాగానే దొర ఎదురొచ్చి ఆవిడ చేతిసంచీ నమలడం మొదలుపెట్టింది. వార్సెనిక్ చల్లనీళ్లు తెచ్చింది. సెరోబ్ కాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుని, గది తలుపు వైపు చూశాడు. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను.

ఉన్నట్టుండి లేచాడు. ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లి తలుపు మీద దబదబా బాదాడు.

"లెవోన్! ఒరేయ్, లేచి రా బయటికి! ఆవిణ్ణి గెఘార్ద్ ఎక్కించాలి. నేను ఎక్కలేను, కాలు పోయింది!"

వార్సెనిక్ నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది. రెండేళ్లలో ఆ తలుపు మీద ఎవరూ గట్టిగా చెయ్యి వేయలేదు.

లోపల్నుంచి కాసేపటికి గొంతు వినిపించింది. "ఏ కాలు?"

"ఎడమది."

తర్వాత లోపల ఏదో పగిలినట్టు నవ్వు. "అయితే నాన్నా, మనిద్దరికీ కలిపితే ఒక మనిషి."

"ఒక మనిషి చాలురా ఆవిడకి! వచ్చేయ్!"

మంచం కింద ఏదో ఈడ్చిన చప్పుడయింది. తలుపు తెరుచుకునేసరికి చాలాసేపు పట్టింది. లెవోన్ గడ్డం మాసి, పాలిపోయి, గోడ పట్టుకుని వచ్చాడు. వాకిట్లో నన్ను చూసి ఆగిపోయాడు. తల దించుకున్నాడు. సిరానుష్ గారే వెళ్లి వాడి చెయ్యి పట్టుకుని, "పద బాబూ, మఠం తలుపులు వేసేస్తారు" అంది.

గెఘార్ద్ దగ్గర లెవోన్, సిరానుష్ గారు ఒకరి భుజం ఒకరు పట్టుకుని రాళ్ల దారి ఎక్కారు. ఎవరు ఎవరిని ఎక్కిస్తున్నారో తెలియలేదు. సెరోబ్ కారుకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. కొవ్వొత్తులు వెలిగించి బయటికి వచ్చేటప్పుడు లెవోన్ దేవుడికి వీపు చూపించకుండా, మా వైపు అందరూ నడిచినట్టే వెనక్కి వెనక్కి నడిచాడు. ఆ కొత్త కాలితో గడప వెతుక్కుంటూ వచ్చాడు. కారు దగ్గరికి వచ్చి, "నాన్నా, ఆదివారం దొరను తీసుకొద్దాం" అన్నాడు.

ఆదివారం నేను వెళ్లలేదు. కోపం కాదు, వెళ్లలేకపోయాను. కిటికీ తెర వెనక నిలబడ్డాను. లెవోన్ తాడు పట్టుకుని వచ్చాడు. మా గేటు ముందుకు రాగానే దొర టక్కున ఆగింది, క్యాబేజీ ఆకు కోసం. వాడు లాగుతాడు, అది కదలదు. వాడు తలెత్తడు, నేను తెర తీయను. చివరికి సెరోబ్ కుంటుకుంటూ వచ్చి వెనక నుంచి తోశాడు.

తర్వాత సంగతులు వార్సెనిక్ చెప్పింది. మూడు చుట్లూ వాడే తిప్పాడట. ఉప్పు పెట్టేటప్పుడు దొర వాడి చెయ్యి నాకిందట. వార్సెనిక్ చూడలేక చర్చి వెనక్కి పోయి ఏడ్చిందట. సెరోబ్ లోపలికి వెళ్లి ఎంతకీ బయటికి రాకపోతే పాదిరిగారే వచ్చి లేపారట.

సాయంత్రం లెవోన్ పళ్లెం పట్టుకుని ఇంటింటికీ తిరగడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మేస్త్రీ ఇల్లు, పాల వాళ్ల ఇల్లు, వంతెన దగ్గరి ముసలాయన ఇల్లు. ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. ఆరు అయ్యాయి. ఏడోది ఏదైనా కావచ్చు, ఊళ్లో ఇళ్లకు కరువా? వాడు చివరి పళ్లెంతో మా గేటు ముందుకు వచ్చి ఆగాడు. గేటు మీద చెయ్యి వేశాడు, తీశాడు. కొండ మీద ఎండ పలచబడిపోతోంది. ఇంకాసేపైతే మొక్కు చెడుతుంది. వాడు కదలడు.

తలుపు తీసి గుమ్మంలోకి వచ్చాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఒరేయ్ లెవోన్! అక్కడ నిలబడితే నడిచొచ్చి నేను పట్టుకెళ్లాలా? పొద్దు పోతోంది. రా లోపలికి!"

వచ్చాడు. పళ్లెం అందించాడు.

"పిన్నీ, నేనొక్కడినే వచ్చాను."

"చూశానురా. రెండేళ్ల కిందటే చూశాను" అన్నాను. పళ్లెం అందుకుని, "దేవుడికి అందాలి" అని, మొక్కు మాంసం అందుకున్నవాళ్లు అనాల్సిన మాట అన్నాను.

బల్ల దగ్గర గోర్ కుర్చీలో కూర్చోబోయి ఆగాడు. కూర్చోమన్నాను. ఎదురుగా నేనూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేక దాచుకున్నది అడిగేశాను.

"వాడు ఆఖరున ఏం తిన్నాడు?"

"నువ్వు పంపిన గాతానే పిన్నీ. రాయిలా ఎండిపోయింది. టీలో ముంచుకుని చెరి సగం తిన్నాం."

"ఎండిపోయిందని నన్ను తిట్టాడా?"

"బాగా తిట్టాడు."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. లెవోన్ లేచి వెళ్లిపోలేదు. పొయ్యి మీద టీ పెట్టమని అడిగాడు, పెట్టాను.