ఎడమవైపు ధాన్యం

మా అన్నయ్య మండపేటలో కారు నేర్పే మాస్టారు. అంతకు ముందు రైసు మిల్లు లారీ తోలాడు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే, నాతో సహా. నేర్పేటప్పుడు ఎన్ని తిట్లు తిట్టేవాడో రాయకపోవడమే మంచిది. దాళ్వా అంటే రెండో పంట, ఆ కోతల రోజుల్లో మాత్రం అందరికీ ఒకటే మాట. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే ఆ సగం మనది కాదు, రైతుది. ఒక్క గింజ మీద టైరు ఎక్కిందా, బండి దిగి ఇంటికి పొమ్మనేవాడు. నిజంగానే ఇద్దరు ముగ్గురిని పంపించేశాడు కూడా.

పోయిన ఏడాది వేసవి ముందు ఆయన కారు ఎడమ పక్క రెండుసార్లు గీరుకుంది. ఒకసారైతే సొంత ఇంటి గేటుకే. ఇక మా వదిన పట్టుకుంది. వయసు మీద పడుతోంది, స్కూలు మూసేయండి, తాళం నా చేతికివ్వండి అని రోజూ పోరు. ఆయనకు ఆ కారు తప్ప వేరే లోకం లేదు. తాళం మాట వస్తే అన్నం దగ్గర నుంచి కూడా లేచిపోయేవాడు.

సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనులో ఓ పోటీ ప్రకటన కనపడింది. సొంత కారులో ఇద్దరు బయల్దేరాలి. విజయవాడ నుంచి చెన్నై దగ్గరున్న రేసు ట్రాక్‌కి, అక్కణ్ణుంచి కోయంబత్తూరు ట్రాక్‌కి, మళ్ళీ విజయవాడకి. దారి పొడుగునా ఏ కారులో వచ్చారో ట్రాక్ మీద కూడా అదే కారు నడపాలి. రేసులు నడిపేవాళ్ళకి కాదు, మనబోటి వాళ్ళకే.

“దీనికెళ్ళి ఒక్క గీత పడకుండా కారు ఇంటికి తెస్తాను. తెచ్చానంటే ఇంకెప్పుడూ తాళం ఊసెత్తకూడదు. గీత పడిందంటే నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను,” అన్నాడు వదినతో.

“సరే. దారి చూడ్డానికి మీ చెల్లెల్ని తీసుకెళ్ళండి,” అంది వదిన. నేను బడి పంతులమ్మని, ఎండాకాలం సెలవులు. మొగుడూ పెళ్ళాల పందెంలో నేను అలా ఇరుక్కున్నాను.

మా చర్చి అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. విజయవాడలో మిగతా కార్లు నిమ్మకాయలు తొక్కి బయల్దేరాయి. అన్నిట్లోకీ మాదే పాత కారు. వెనక అద్దం మీద డ్రైవింగ్ స్కూల్ అన్న అక్షరాలు చూసి నవ్వనివాళ్ళు లేరు. హైవే ఎక్కాక అన్నయ్యకి పదేళ్ళు తగ్గిపోయాయి. కీర్తనలు పాడుతూ, మధ్యమధ్య లారీవాళ్ళని తిడుతూ నడిపాడు. “ఎడమ పక్క ఎవరైనా ఉన్నారేమో చూడమ్మా,” అని మాత్రం పదేపదే అడిగేవాడు. దారి చూడ్డమే నా పని కదా, చూసి చెప్పేదాన్ని.

చెన్నై ట్రాక్ మీదికి ఒక్కొక్క కారునే వదిలి టైము చూసేవాళ్ళు. నేను బయట కంచె దగ్గర నిలబడ్డాను. మలుపుల్లో అందరూ రోడ్డంతా వాడుకున్నారు. మా కారు కుడి అంచునే పట్టుకుని తిరిగింది. ఎడమ సగం ముట్టుకోనే లేదు.

గుంటూరు నుంచి భార్యతో వచ్చిన ఒకాయన నా పక్కకొచ్చి, “మీ అన్నగారు ఆ సగం రోడ్డు ఎవరికి వదిలేస్తున్నారండీ?” అన్నాడు.

“ధాన్యానికండి. మా వైపు ఇప్పుడు కోతలు కదా. రోడ్డంటే మాకు సగమే,” అన్నాను.

సాయంత్రానికి ఆ మాట అందరికీ పాకింది. భోజనాల దగ్గర ఎవరో “ధాన్యం ఎండిందా మాస్టారూ?” అంటే అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య కాసేపు కంచం వంక చూసి, “ఇంకో ఎండ కావాలండి,” అన్నాడు. భలే జవాబిచ్చాడని నేను మురిసిపోయాను. కోయంబత్తూరులో కూడా ఎడమ సగం అలాగే వదిలేశాడు. నేనూ మళ్ళీ అలాగే నవ్వాను.

విజయవాడ తిరిగొచ్చేసరికి మాది చివరి నుంచి రెండో స్థానం. అయితేనేం, కారు మీద ఒక్క గీత లేదు. నాలుగు పక్కలా ఫోటోలు తీసి వదినకి పంపించాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంటికి బయల్దేరాం. జొన్నాడ దగ్గర హైవే దిగి మండపేట రోడ్డెక్కాం. ఎడమ పక్కన బరకాలు పరిచి ధాన్యం ఆరబోసి ఉంది. దూరంగా ఒకావిడ కాళ్ళతో ధాన్యం తిరగేస్తోంది. ఎప్పట్లా పక్కకి తీస్తాడని నేను ధీమాగా ఉన్నాను. తియ్యలేదు. టైర్ల కింద సరసరమని చప్పుడు మొదలైంది.

“అన్నయ్యా, ధాన్యం.”

“ఎక్కడమ్మా?” అన్నాడు.

ఆయన బ్రేకు వేసి దిగి, కారు ముందు నుంచి తిరిగి వచ్చి చూశాడు. ధాన్యం మీద మా టైర్ల చారలు పొడుగ్గా పడి ఉన్నాయి. అక్కడే గొంతుక్కూర్చుని, చెదిరిన గింజలు రెండు చేతులతో లోపలికి ఎగదోయడం మొదలుపెట్టాడు. ఆవిడ గబగబా వచ్చి ఆయన్ని గుర్తుపట్టింది.

“పర్లేదు మాస్టారండీ, లెండి. చూసుకుని ఉండరు.”

“చూసుకోకపోవడం కాదమ్మా. కనపడలేదు. నువ్వింకాస్త ఇవతల ఉండి ఉంటే ఏమయ్యేది?” అన్నాడు.

మిగతా దారి నేనే నడిపాను. ఆయన నా ఎడమ పక్క సీటులో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గేరు తప్పు వేసినా తిట్టలేదు. తిడితే బాగుండును అనిపించి ఏడుపొచ్చింది. తర్వాత రాజమండ్రి కళ్ళ డాక్టరు అది నీటికాసులు, అదే గ్లకోమా అని చెప్పాడు. ఎడమ పక్క చూపు ఎప్పట్నుంచో మూసుకుపోతోందట, పోయింది ఇక రాదట.

ఆ రోజు ఇంటికి చేరేసరికి గేటు దగ్గరే వదిన ఎదురుచూస్తోంది. కారు చుట్టూ తిరిగి, ఎడమ తలుపు మీద చేత్తో తడిమి చూసింది.

“ఒక్క గీత కూడా లేదు. నేనే ఓడిపోయాను లెండి,” అంది నవ్వుతూ.

అన్నయ్య నా దగ్గర తాళం తీసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని అందులో పెట్టాడు. వదిన నా మొహం వంక చూసింది. ఇన్నాళ్ళూ ఆ తాళం కోసం పోరిన మనిషి గుప్పిట మూయలేకపోయింది.

“వద్దండి. గీత పడలేదుగా, మీ దగ్గరే ఉంచుకోండి,” అంది.

“ధాన్యం తొక్కానే,” అన్నాడు అన్నయ్య.