సన్మాన పత్రంలో లేనివాడు

పదిన్నరకు మొదలు కావలసిన సభ పన్నెండు కావస్తున్నా మొదలు కాలేదు. ముఖ్య అతిథి పొద్దున్నే కామారెడ్డి చేరుకుని, ప్రిన్సిపాల్ గదిలో టీ కూడా తాగేశారు. హాలు నిండా పిల్లలు. వేదిక మీద మా మొహాలతో పెద్ద ఫ్లెక్సీ: కళాశాల గర్వించదగ్గ పూర్వ విద్యార్థులు. ఆరుగురం వరుసగా కుర్చీల్లో కూర్చుని చెమటలు కక్కుతున్నాం.

కన్వీనర్ నా చెవి దగ్గరికి వంగాడు. "ఇంకొక్క అయిదు నిముషాలు సార్. పదిన్నర నుంచి పన్నెండు దాక రాహుకాలం గద. మీరు నమ్మరని ఎరుకే. గని వచ్చిన పెద్దసారు నమ్ముతడు."

ఇంకో రోజైతే అక్కడే లేచేవాణ్ణి. ఒక కళాశాల, ఒక హేతువాదికి శాలువా కప్పడానికి, రాహువు సెలవు కోసం గంటన్నర కాచుకుని కూర్చుంది. దీని మీద నాలుగు పేజీలు నిద్రలో కూడా రాయగలను. కానీ ఆ రోజు నోరు మూసుకున్నాను. లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ నాకు లేదు. నలభై కిలోమీటర్ల అవతల ఎల్లారెడ్డిలో, ఒక ఇంటి ముందు గదిలో, మంచం మీద ఒక మనిషి ఫోన్లో ఈ సభను చూస్తున్నాడు. వాడికి ఎక్కువ రోజులు లేవని హైదరాబాద్ డాక్టర్లు చెప్పి ఇంటికి పంపారు. వాడు వింటుండగా, అందరి ముందు, నేను ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లుగా చెప్పని మాట.

వాడు నా డిగ్రీ స్నేహితుడు. ఇదే కాలేజీలో, ఇదే హాల్లో నాకు వాదించడం నేర్పినవాడు. వాళ్ల నాన్న ఎల్లారెడ్డిలో దర్జీ. మాది అక్కడికి దగ్గరి పల్లె, వరి పండించే ఇల్లు. పొద్దున ఒకే బస్సులో కామారెడ్డికి వచ్చేవాళ్లం. దారి పొడవునా వాదన. దేవుడు, దయ్యం, దర్గా, జాతకం, ఏదీ వదిలేవాళ్లం కాదు. వాడు రెండు మతాల్నీ సమానంగా ఉతికేవాడు. వాళ్లింట్లో అందుకు తిట్లు తినేవాడు.

వాడు పెట్టిన నియమం ఒకటుంది. నువ్వు నీ వాదన మొదలుపెట్టే ముందు, ఎదుటివాడి వాదన నీ నోటితో చెప్పాలి. అది విని ఎదుటివాడు "అవును, నేనన్నది ఇదే" అన్నట్టు తలూపాలి. తలూపకపోతే మళ్లీ మొదటి నుంచి. "ఎదుటోని మాట నీ నోట్లకెళ్లి సక్కగ రాకపోతే, నీ మాటకు బలమెక్కడిది బై?" అనేవాడు. ఈ నియమం వల్ల మేము పోటీల్లో ఓడిన సందర్భాలే ఎక్కువ. అవతలివాళ్లు మా టైమంతా తలూపకుండానే గడిపేసేవారు.

చివరి సంవత్సరం, చివరి పరీక్షకు ముందు రోజు సూర్యగ్రహణం వచ్చింది. ఎల్లారెడ్డిలో హోటళ్లన్నీ మూశారు. ఇళ్లలో నీళ్ల బిందెల మీద, పచ్చడి జాడీల మీద గరిక వేశారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను చీకటి గదుల్లో కదలకుండా పడుకోబెట్టారు. మేమిద్దరం బస్టాండు పక్కన కిరోసిన్ స్టవ్ పెట్టి, సరిగ్గా గ్రహణం పట్టిన వేళకు మిర్చి బజ్జీలు వేశాం. పిండి నేను కలిపాను. బజ్జీలు వాడు వేశాడు. ఇద్దరు ముగ్గురు హమాలీలు నవ్వుకుంటూ తిన్నారు. నలుగురు తిట్టి పోయారు. అంతవరకు అది మాకు పండగే.

అప్పుడొక అమ్మాయి వచ్చింది. నిండు చూలాలు. ఏ ఊరి నుంచి వచ్చిందో, బస్సు దొరక్క పొద్దుటి నుంచి ఆ బస్టాండులో ఆకలితో కూర్చుంది. "అన్నా, నాకు గూడ రెండియ్యి" అంది. వాడు ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, కాగితంలో నాలుగు పెట్టి ఇచ్చాడు. ఆమె తింటుండగా ఆమెను వెతుక్కుంటూ అత్తగారి తరపు మనుషులు వచ్చారు.

తర్వాత జరిగింది నేను చూడలేదు. గొంతులు లేవగానే నేను నీళ్లు తెస్తానని బిందె పట్టుకుని వెళ్లాను. బోరింగు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బిందె ఎప్పుడో నిండింది.

తిరిగి వచ్చేసరికి స్టవ్ బోర్లా పడి ఉంది. వాడి పెదవి చిట్లింది. గ్రహణం వేళ మా కోడలికి తిండి పెట్టి కడుపులో బిడ్డ మీదికి తెస్తావా అని పట్టుకున్నారట, వాడి పేరు అడిగాక ఇంకా గట్టిగా పట్టుకున్నారట. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పెద్దమనుషుల ముందుకు రావాలని తీర్మానమైంది. మా పరీక్ష కామారెడ్డిలో పదింటికి.

"ఇద్దరం పోదాం" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

వాడు నవ్వబోయి, పెదవి నొప్పితో ఆగాడు. "ఇద్దరం పోతే ఇద్దరి పరీక్ష పోతది. ఒక్కడు పోతే ఒక్కనిదే. ఆగు, నీ మాట నేను చెప్త. నువ్వు అనుకునేది ఇదే గద: మీ బాపుకు తెలిస్తే సదువు బంద్ జేపిచ్చి నాగలి సేతికిస్తడు. పెద్దమనుషులల్ల మీ మామ గూడ ఉన్నడు. ఆయన ఆడ ఉండంగ నువ్వు వాళ్లకు మొకం సూపియ్యలేవు. అంతేనా?"

నేను తలూపాను.

అది ఒక్కటే. వాడు నాతో ఆడిన అన్ని వాదనల్లో, వాడు చెప్పింది చెప్పినట్టు ఒక్కసారికే ఒప్పుకుని తలూపింది అదొక్కటే. మర్నాడు మొదటి బస్సుకు కామారెడ్డి వెళ్లి పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

వాడు "నేనొక్కన్నే చేసిన" అని చెప్పాడు. వాడి నాన్న అందరి ముందు టోపీ తీసి చేతులు జోడించాడు. "ఇగ సాలు నీ సదువు" అని మూడు నెలల్లో ఒక బంధువు పంపిన వీసా మీద వాణ్ణి దుబాయికి ఎక్కించాడు. ఆ ఒక్క పరీక్ష వాడు మళ్లీ రాయలేదు. చాలా ఏళ్లకు తిరిగొచ్చి, కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. నేను రచయితనయ్యాను. నా మొదటి పుస్తకంలో గ్రహణం వ్యాసం పేరు తెచ్చింది. అందులో బస్టాండుంది, బజ్జీలున్నాయి, ఆ అమ్మాయి ఉంది. వాడు లేడు. వాడి పేరు రాస్తే ఊళ్లో మళ్లీ గొడవలు రేగుతాయి, వాణ్ణి కాపాడుతున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. వాడు ఆ పుస్తకం చదివాడు. ఎప్పుడూ ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను క్షమించడమనుకున్నాను. ఇతరుల నమ్మకాలకు రుజువులడిగి బతికినవాణ్ణి, ఈ నా నమ్మకానికి ఒక్క రుజువూ అడగలేదు.

తర్వాత వాడికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద తెల్లని గుడ్డ. ఏం చెప్పాలన్నా పలక మీద బలపంతో రాస్తాడు. ఈ సన్మానం కబురు, పత్రం నకలుతో సహా, వచ్చిన రోజే కన్వీనర్ దగ్గరికి పరిగెత్తాను. నా బదులు వాణ్ణి పిలవండి, కాకపోతే నా పక్కన కూర్చోబెట్టండి అన్నాను.

"పట్టా లేదు గద సార్" అన్నాడు ఆయన. "ప్రొఫార్మాల పట్టా నంబర్ రాయాలె. వచ్చే ఏడు ఏదన్న ప్రత్యేకంగ చూద్దాం."

"వచ్చే ఏడుకు ఉండడు."

ఆయన తల దించుకున్నాడు. మంచివాడే. "సన్మాన పత్రమన్నా మార్చండి" అన్నాను. "ఫ్రేమ్ గూడ కట్టిచ్చినం సార్. మీరు స్టేజి మీద నోటితోని చెప్పుండ్రి. లైవ్ వస్తది. ఆయన ఇంట్ల కూసోని సూస్తడు."

అందుకే ఆ రోజు రాహువును భరించాను.

దీపం వెలిగించారు. ముగ్గురి సన్మానం అయ్యాక నా పేరు పిలిచారు. తెలుగు లెక్చరర్ ఒకామె సన్మాన పత్రం చదివింది. కంఠం బాగుంది. "గ్రహణం నాడు ఎల్లారెడ్డి బస్టాండులో ఒంటరిగా నిలిచి, మూఢవిశ్వాసాల చీకటిని చీల్చిన ధీరుడు." ఒంటరిగా అన్న చోట ఆమె గొంతు పెంచింది. పిల్లలు ఈలలు వేశారు. శాలువా భుజం మీద పడింది. మైకు చేతికిచ్చి "రెండే నిముషాలు సార్" అన్నారు.

కెమెరా వైపు చూసి చెప్పాను. "ఈ పత్రంలో రాసింది అబద్ధం. ఆ రోజు నిలబడ్డది నేను కాదు, నా స్నేహితుడు. నేను బిందె పట్టుకుని పారిపోయాను. వాడు తన చదువు పోగొట్టుకుంటే, ఆ కథతో నేను పేరు తెచ్చుకున్నాను."

అప్పుడు ముఖ్య అతిథి చప్పట్లు మొదలుపెట్టారు. వేదికంతా కొట్టింది. హాలంతా లేచి నిలబడింది. వ్యాఖ్యానం చేస్తున్న లెక్చరర్ మైకు అందుకుని, కళ్లు తుడుచుకుంటూ అంది: "ఇదీ వినయమంటే! తన కీర్తినంతా ఒక స్నేహితుడికి అంకితమిచ్చిన పెద్ద మనసు!"

"వినయం కాదమ్మా, నిజం!" అని అరిచాను. మైకు లేదు. ముందు వరుస పిల్లలకు వినపడింది. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

అప్పుడు అర్థమైంది. మన సభల్లో శాలువా కప్పించుకున్న ప్రతివాడూ "నాదేముంది, అంతా పెద్దల దయ" అంటాడు. అనడం మర్యాద, నమ్మకపోవడం వినేవాళ్ల మర్యాద. ఎన్ని సభల్లో నేనే అట్లా అన్నానో. ఇన్నేళ్లు ఆ మాటలు ఉత్తుత్తిగా వాడి వాడి అరగదీశాం. ఇప్పుడు నిజంగా ఒప్పుకోవలసి వస్తే, ఒప్పుకోవడానికి మాటలే మిగల్లేదు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. కన్వీనర్ పరుగున వచ్చి మళ్లీ కప్పాడు. "ఫోటో ఉన్నది సార్."

భోజనాలకు ఆగకుండా ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఫ్రేమ్ ఒళ్లో పెట్టుకోవలసి వచ్చింది. పక్క సీటు ముసలాయన వంగి పత్రం మీది నా ఫోటో చూసి, నా మొహం చూసి, "నువ్వేనా బిడ్డ? మంచిగున్నది" అన్నాడు.

వాడి కూతురు తలుపు తీసింది. "రాండ్రి చాచా. అబ్బాకు మొత్తం సూపిచ్చిన. మధ్యల నెట్టు ఆగింది గని, మీరు మాట్లాడింది అంత వచ్చింది."

వాడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నన్ను చూసి పలక అందుకుని రాశాడు: "చప్పట్లు బాగ పడ్డయి."

"అరేయ్, వాళ్లు నమ్మలేదు."

చెరిపి మళ్లీ రాశాడు: "నువ్వు సక్కగ మాట్లాడుతవు. అందుకే."

వాడి భార్య గ్లాసు నిండా చాయ్ తెచ్చి, "ఇయ్యాలన్న తిట్టుకోకుండ్రి భయ్యా, పొద్దున నుంచి ఏం దిగలేదు గొంతుల" అని లోపలికి వెళ్లింది.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "నీ మాట నేను చెప్తాను" అన్నాను. "నువ్వు అనేది ఇది: ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా చెప్పగలిగేవాణ్ణి, నీకు గొంతు ఉన్నప్పుడు చెప్పలేదు. అంతేనా?"

వాడు చూస్తూ ఉన్నాడు. తల కదలలేదు.

"నీకు పట్టా పోయినందుకు కాదు, వ్యాసంలో నువ్వు లేనందుకు కోపం. అంతేనా?"

కదలలేదు. మూడోసారి మొదలుపెట్టబోయాను. వాడు పలక తుడిచి, బలపంతో సహా నా చేతికిచ్చాడు. రాయమన్నట్టు. రాశాను. చిన్న పలక, నాలుగు వరుసలే పట్టాయి: నేను పారిపోయాను. నువ్వు నిలబడ్డావు. నిన్ను కాపాడటానికే నీ పేరు రాయలేదు. నన్ను క్షమించు.

వాడు చదివి, బొటనవేలు తడిచేసి, మూడో వరుసను మాత్రం నిదానంగా తుడిచేశాడు. పలక తిరిగి ఇచ్చి కళ్లు మూసుకున్నాడు. కొంతసేపటికి నిద్ర పట్టింది. ఆ ఖాళీ వరుసలో చాలాసేపు ఆలోచించి రాశాను: నాకు పేరు కావాలనిపించి నీ పేరు తీసేశాను. పలకను దిండు పక్కన, లేవగానే కనపడేట్టు పెట్టి, చివరి బస్సు పోతుందని బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున వాడి కూతురు ఫోన్ చేసింది. ఏడుపు వల్ల ముందు ఏమీ అర్థం కాలేదు. నిద్రలో కాదట. ఆరింటికి లేచాడట. కూర్చోబెట్టమని సైగ చేశాడట. ఒక గంటకు ఊపిరి ఆగిందట.

ఓదార్చాల్సింది పోయి ఆ పిల్లను అడిగాను. ఇంకెవరిని అడగను? "పలక చూశాడా అమ్మా?"

"సూసిండు చాచా. సదివిండు. సదివి పక్కకు పెట్టిండు."

"తలూపాడా?"

"నేను సూడలే చాచా. చాయ్ పెడుతుంటి."