తిరగని మర ఈల

గాలిమర చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం సోల్వాయ్ ఉద్యోగం. పడమటి జట్లాండ్ పొలాల్లో పెద్ద చెక్క పలక పరిచి, దాని నిండా మైకులు బిగిస్తుంది. చప్పుడు ఒక్కో మైకును ఎంత సమయం తేడాతో తాకిందో లెక్కగడితే, మర మీద మోగుతున్న చోటు తెర మీది బొమ్మలో ఎర్రమచ్చగా పడుతుంది. గాలి హోరును వదిలించుకోవడానికి ఒక పద్ధతుంది. ముందు మరను ఆపించి చుట్టుపక్కల చప్పుడు పడతారు, తర్వాత తిప్పించి పడతారు, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తారు. ఆగిన మర బొమ్మను ఎవరూ తెరిచి చూడరు. తీసిపారేసేదాన్ని చూసే ఓపిక ఎవరికుంది?

ఎగోన్ పాలరైతు. పొలం పక్కన మర లేచినప్పటి నుంచి సన్నని ఈల తన బుర్ర తొలిచేస్తోందని మున్సిపాలిటీ వాళ్ల ప్రాణం తీశాడు. భార్య రిగ్మోర్‌కు ఆ ఈల ఒక్కసారి కూడా వినపడలేదు. సోల్వాయ్ వచ్చిన రోజు కాఫీ పోస్తూ, మొగుడి ముందే తేల్చేసింది.

"చూడమ్మా, నీ మైకులు ఈల ఉందంటే నేను నోరు మూసుకుంటా. లేదంటే ఈయన డాక్టరు దగ్గరికి నడవాల్సిందే, ఆవుల్ని అమ్మాల్సిందే. ఇక నావల్ల కాదు."

"మర ఆగినా ఈల ఆగదమ్మా," అన్నాడు ఎగోన్.

"విన్నావుగా? తిరగని మర పాడుతుందట!"

సోల్వాయ్ ఫక్కున నవ్వింది. ఎగోన్ ఆమె వంక చూసి, చేతిలోని రొట్టెముక్క పళ్లెంలో పెట్టేశాడు.

లెక్క తేలింది. ఈల జాడే లేదు. "మీరు చెప్పే శబ్దం మర నుంచి రావట్లేదండీ," అని సోల్వాయ్ చెప్పేసి, మైకులు సర్దుకుని వెళ్లిపోయింది. పద్ధతి తప్పలేదు, అబద్ధమాడలేదు. ఆ సంగతి తల్చుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు ఇంకో ఊళ్లో పని చేస్తుండగా, చెయ్యి జారి ఆగిన మర బొమ్మ తెరిచింది. మర తల మీద ఎర్రమచ్చ! ఎక్కించి చూస్తే, పైన పనిచేసేవాళ్లు పట్టుకునే కమ్మీ గొట్టానికి మూత ఊడింది. గాలి దూరి, ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఈల వేస్తోంది. రెక్కలు తిరిగినా ఆగినా అదే ఈల. రెండింట్లోనూ ఉన్నదాన్ని లెక్క శుభ్రంగా తుడిచిపెట్టింది. సోల్వాయ్ వెంటనే ఎగోన్ ఇంటి దగ్గర పట్టిన పాత బొమ్మ వెతికి తెరిచింది. అక్కడా అదే మచ్చ.

మర్నాడే పరిగెత్తింది. పశువుల కొట్టం ఖాళీగా ఉంది. మందులతో ముఖం ఉబ్బిన ఎగోన్ కుర్చీలోంచి లేవలేదు.

"తప్పు నాదండీ. ఈల నిజమే. మీరు చెప్పిందే నిజం."

రిగ్మోర్ గోడ పట్టుకుని బల్ల మీద కూలబడింది. ఎగోన్ మాత్రం నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా. ఈలా లేదు, ఏమీ లేదు. నాకు జబ్బు చేసింది. మొట్టమొదట చెప్పింది నువ్వే కదా."

సోల్వాయ్ ఏడుస్తూ వెళ్లి తలుపు బార్లా తెరిచింది. "ఒక్కసారి వినండి, మీకు దణ్ణం పెడతా!"

గాలి మర వైపు నుంచే వీస్తోంది. ఈసారి ఈల ఆమె చెవికీ సన్నగా అందింది. ఎగోన్‌కూ అందింది. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"రిగ్మోర్, ఆ మాత్ర ఇటివ్వు," అన్నాడు. "మళ్లీ మొదలైంది."