పడుగు పట్టుకున్న చేతులు

గంజి పెట్టిన నూలు చీరను ఇస్త్రీ చేస్తుంటే లేచే ఆవిరిలో మా తిరుత్తణి నేతవీధి తెల్లవారుజాము వాసన ఇప్పటికీ తగులుతుంది, ఇక నా పని అక్కడే ఆగిపోతుంది.

ఎండ ముదరకముందే పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులను, వీధి పొడవునా కొయ్యల మధ్య చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఏ ఇంటి పడుగైనా వీధంతా వచ్చి పట్టుకోవాల్సిందే. కొండ మీద గుడిగంట, ఎవరింట్లోనో సంగటి ఉడికే వాసన, తడి పోగుల మీద కొబ్బరినూనె మెరుపు, వాటి మధ్య పెద్దల మాటలు. పోగుల కింద అడ్డంగా దూర్చిన పడుగుకర్ర పట్టుకున్నవాళ్ళు ఆడవాళ్ళయినా సరే మాట్లాడొచ్చు. కోపమొచ్చినా వదిలేసి పోవడానికి లేదు, పోగులు చిక్కుపడతాయి. అందుకే గిట్టనివాడి మాటనైనా ఆఖరిదాకా వినక తప్పేది కాదు. ఓట్లడిగేవాళ్ళు కూడా ఆ వరస పక్కన నిలబడి, అందరూ వింటుండగా జవాబు చెప్పిపోయేవారు.

ఒక ఎన్నికల ముందు, కరెంటు మగ్గాలు అడగాలా వద్దా అన్న మాట లేచింది. అవ్వ కొడుకు, మా మామ, వద్దన్నాడు. గుంతమగ్గం తొక్కీ తొక్కీ తాత మోకాళ్ళు పోవడం చూసిన అవ్వ ఊరుకోలేదు.

"నా మనవరాలు ఆ గుంతలో కూసోగూడదు. కరెంటు రానీండి!"

"అది వస్తే ఎవురిల్లు వాళ్ళదైపోతాదిమా," అన్నాడు మామ.

పడుగు ఆరేదాకా వాదించుకున్నారు. చేతులెత్తడానికి చేతులు ఖాళీ లేవు గనుక, సరేనన్నవాళ్ళు పట్టుకున్న కర్రను కాస్త పైకెత్తడం మా వీధి ఆనవాయితీ. అవ్వ మాటకే ఎక్కువ కర్రలు లేచాయి. ఓడిన మామ కూడా పడుగు వదల్లేదు.

కరెంటు మగ్గాలొచ్చాయి. మంచే జరిగింది, అబద్ధమెందుకు. రోజూ వరి అన్నం తిన్నాం, ఆడికృత్తిక పండగకు కొత్తబట్టలు కట్టుకుని మొక్కు కావళ్ళ వెంట కొండెక్కాం, నేను రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళి చదువుకున్నాను. పడుగులు మాత్రం మిల్లులోనే తయారై బండ్ల మీద వచ్చేవి. ఇంటింటా మగ్గాల మోత. తర్వాతి ఎన్నికలకు ఓట్లడిగేవాళ్ళు ఒక్కో గడపలో ఒక్కో మాట చెప్పిపోయారు, ఎవరికేం చెప్పారో పక్కింటికి తెలియలేదు.

అవ్వ మాత్రం అలవాటుకొద్దీ చీకటితోనే లేచి గడపలో నిలబడేది.

"జనం యాడరా? నేనెవురితో మాట్లాడేది?" అంది ఒకరోజు, లోపల నేస్తున్న మామతో.

మామ మగ్గం ఆపి, "ఏమంటివిమా?" అన్నాడు.

పడుగు చాచే కొయ్యలను ఎప్పుడో పీకేశారు, వాటి చోట ఇప్పుడు మోటారు సైకిళ్ళు నిలబెడుతున్నారు. అవ్వ కోరినట్టే నేను గుంతలో కూర్చోలేదు. అయినా ఓటు వేసే రోజు బడి ముందు వరసలో నిలబడితే అవ్వ మీద బెంగ ముంచుకొస్తుంది, ఉత్త చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మొన్నటి ఎన్నికల్లో నా ముందు నిలబడ్డామె మా వీధి మనిషే. ఆమె పేరు నాకు తెలియదు.