శభాష్ కోసం మా అత్తగారి ఉపవాసాలు

మా అత్తగారికి షుగరు. మేం బాపట్లలో ఉండేవాళ్ళం. మా వీధి చివరే ఇద్దరు డాక్టర్లున్నా, ఆవిడకి మాత్రం పుట్టినూరు రేపల్లెలోని ముసలి డాక్టరుగారే కావాలి. నెలకోసారి బస్సెక్కి వెళ్ళాల్సిందే. "ఆయన హస్తవాసి మంచిదే, అమ్మాయ్" అనేవారు. హస్తవాసి సంగతి నాకు తెలీదు గానీ, ఆయన మాట మాత్రం మంచిది. మమ్మల్ని చూడగానే "ఏమ్మా, మా ఊరి ఆడపడుచూ! రా, కూర్చో" అనేవారు. మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి మా పెరట్లో కరివేపాకు దాకా ఈవిడ చెప్పేదంతా వినేవారు. బయట జనం బారులు తీరి ఉన్నా గడియారం వంక చూసేవారు కాదు. చివర్లో రక్తపరీక్ష కాగితం చూసి "శభాష్!" అనేవారు. ఆ ఒక్క మాటతో మా అత్తగారి మొహం వెలిగిపోయేది.

ఆ శభాష్ వెనక కథ నాకూ తెలుసు. తెలిసి ఊరుకున్నాను, అదీ నా తెలివి! పరీక్షకి మూడు రోజుల ముందు నుంచి ఆవిడ అన్నం మానేసేవారు. రాగిజావ, పల్చటి మజ్జిగ, అంతే. డాక్టరుగారి దగ్గర మాట పడకూడదు కదా! తిరుగు ప్రయాణంలో బస్టాండు పక్కన వేడివేడి బెల్లం జిలేబీ తినేవారు. "పరీక్షయిపోయిందిగా, ఇంకేంటి?" అనేవారు. కొనిపెట్టేది నేనే. పాపం, మూడు రోజులు కడుపు మాడ్చుకున్నారని జాలి. కాగితం మీద షుగరు తగ్గిందని ఆయన మాత్ర మోతాదు తగ్గించారు. ఇద్దరం సంబరపడ్డాం కూడాను.

ఆ ఏడు వానాకాలంలో ఆవిడ కాలి చిటికెన వేలికి చెప్పు కరిచి పుండు పడింది. పది రోజులైనా మానలేదు. వేలు నల్లబడుతోంటే నేనిక ఆగలేదు. రైల్లో తెనాలి తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించాను. ఆయన కుర్రవాడే. తల ఎత్తకుండా రాసుకుంటూ "ఈవిడకి ఎన్నాళ్ళనుంచండి?" అని నన్నే అడిగారు. జావ సంగతితో సహా అంతా చెప్పేశాను. మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష చేయించారు. కాగితం చూసి, "మూడు రోజులు మానేస్తే ఈ పరీక్ష మోసపోదండి. రేపట్నుంచి ఇన్సులిన్ మొదలుపెట్టాలి. లేకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది" అన్నారు.

అంతే, బయటికి రాగానే మా అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "రోగం నాదా, నీదా? నాతో ఒక్క ముక్కయినా మాట్లాడాడా? అతను చెప్పాడని నేను సూది పొడిపించుకోవాలా? చచ్చినా పొడిపించుకోను!"

నాకు ఒళ్ళు మండింది. వేలు పోతుందంటే మర్యాదల గోలేంటి? కానీ మొండితనంలో ఆవిడది పెట్టింది పేరు. గత్యంతరం లేక మర్నాడే రేపల్లె బస్సెక్కించాను. దారంతా నా చెయ్యి పట్టుకుని బతిమాలారు. "జావ సంగతి ఆయనతో చెప్పకే, తల్లీ. నా మొహం ఎక్కడ పెట్టుకోను?" నాకు కోపమంతా పోయి ఏడుపొచ్చింది.

నేను చెప్పక్కర్లేకపోయింది. ముసలాయన తెనాలి కాగితాన్ని తను చూసిన పాత కాగితాలతో పోల్చి చూసుకున్నారు. తర్వాత చిన్న స్టూలు లాక్కుని ఈవిడ ముందు కూర్చుని, కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయ్యయ్యో, కాలు ముట్టుకోకండి! పాపం చుట్టుకుంటుంది" అంటూ ఆవిడ లేవబోయారు.

"కదలకు. ఇన్నాళ్ళూ కాగితం చూసి శభాష్ అన్నానే గానీ, ఒక్కసారైనా నీ కాలు చూశానా? నాకూ బుద్ధి లేదు, నీకూ లేదు. మందు కోసం వస్తున్నావా, నా దగ్గర మంచి పేరు కోసం వస్తున్నావా? ఆ తెనాలి అబ్బాయి చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఆ సూది పడకపోతే ఈ వేలుని నేనూ కాపాడలేను."

అన్నేళ్ళలో ఆయన ఆవిడని తిట్టడం అదే మొదలు. నేను భయపడ్డాను. బయటికొచ్చాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇవాళ బాగా చూశారే" అన్నారు. మర్నాటి నుంచి పొద్దున్నే తనే పొట్ట చూపించి, "పొడువు" అనేవారు.

వేలు దక్కింది. గోరు ఒక్కటే పోయింది. తెనాలి డాక్టరు మీద అలక మాత్రం చాలా రోజులు తీరలేదు.

తర్వాతి నెల పరీక్షకి ముందు ఆవిడ మూడు పూటలా మామూలుగానే తిన్నారు. కాగితం మీద అంకె ఎక్కువే వచ్చింది. రేపల్లెలో దాన్ని డాక్టరుగారి ముందు పెట్టి, తలొంచుకుని కూర్చున్నారు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని అంకె చూశారు, ఆవిడ వంక చూశారు.

"శభాష్!" అన్నారు.