తిట్టని రోజు

చీలమండకు టేపు చుట్టేటప్పుడు నేను తిడతాను. ఎదురుగా కూర్చున్నది జట్టు కెప్టెనా, నిన్న చేరినవాడా అని చూడను. టేపును మడమ కింది నుంచి తెచ్చి, లోపలి వైపుకు లాగి, పైన బిగించేదాకా కాలు కదలకూడదు. ఎగిరి బంతి వేసేవాళ్ళకు ఆ ఒక్కటీ చేతకాదు. చేతిలో ఫోను, నోట్లో అరటిపండు, కాలు మాత్రం దాని మానాన అది ఊగుతూనే ఉంటుంది. "ఇది కాలా, కుట్టుమిషను పెడలా? ఆపు, మొద్దూ" అంటాను. తెలుగులోనే అంటాను. ఇంగ్లీషులో తిడితే ఆఫీసుకు ఫిర్యాదు వెళ్తుంది. తెలుగులో తిడితే దీవిస్తున్నాననుకుంటారు.

నేను దోహాలో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుని. ఇల్లు ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, క్లబ్బు ముఐథర్ అవతల. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, చర్చి అయ్యాక టీ తాగుతూ ఒకావిడ అడిగింది, "మగాళ్ళకు మసాజ్ చేస్తారటగా?" అని. "చేస్తానండి. మీ నాలుక కూడా పట్టేసినట్టుంది, రేపు రండి" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆవిడ దృష్టిలో ఆట అంటే సెలవులో పిల్లలు చేసే పని. అది ఉద్యోగమనీ, అందులోనూ డ్యూటీలూ బదిలీలూ ఉద్వాసనలూ ఉంటాయనీ చెబితే నమ్మదు. మా ఆయన కంపెనీలో ఒకరిని తీసేస్తే అయ్యో అంటుంది. ఆటగాడిని తీసేస్తే, సరిగ్గా ఆడలేదేమో అంటుంది. ఆ తేడా దేనికని నేను వాదించాను. ఇంటికి వచ్చాక కూడా వాదించాను, వినేవాళ్ళు లేకపోయినా.

నేనూ ఆడినదాన్నే. బందరులో కాలేజీ రోజుల్లో, పగుళ్ళిచ్చిన సిమెంటు కోర్టు మీద. రైల్వే జట్టులో చేరాలని సెలెక్షన్లకు వెళ్ళాను, పొట్టిదాన్నని పంపేశారు. బంతి వదిలి, బంతి పట్టేవాళ్ళ మోకాళ్ళు పట్టుకున్నాను. అందుకే ఈ మనుషుల మీద నాకు జాలీ అసూయా కలిపి ఉంటాయి. వాటిని విడదీయాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

ఒక ఏడు మా క్లబ్బుకు ఆడటానికి వచ్చినవాడు సెనెగల్ మనిషి. నా చికిత్స బల్ల మీద పడుకుంటే మోకాళ్ళ కింది భాగమంతా బయటే ఉండేది, ఒక స్టూలు జరిపి దాని మీద పెట్టుకునేవాడు. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులో. అతని ఇంగ్లీషులో ఫ్రెంచి వినపడేది, నా దాంట్లో బందరు. నన్ను ఇక్కడి పద్ధతిలో, డాక్టరమ్మా అన్నట్టు, 'దక్తూరా' అని పిలిచేవాడు. పాస్‌పోర్టులో ఎంత వయసుందో గానీ కుడి మోకాలికి మాత్రం అంతకంటే ఎక్కువుంది. చిటికెన వేలు వంకర బీరూట్‌ది. కనుబొమ మీది కుట్లు మనీలావి. మోకాలి మీది పొడుగాటి గీత ట్యునీషియాది. నేను నూనె రాస్తుంటే అతను దేశాల పేర్లు చెప్పేవాడు, మనం పెళ్ళిళ్ళలో చుట్టరికాలు చెప్పుకున్నట్టు.

సీజను మొదట్లో ఒకరోజు, ఊరికే అన్నట్టు చెప్పాడు. "దక్తూరా, ఇదే ఆఖరు. ఇన్ని జట్ల నుంచి వచ్చాను కదా, ఒక్కచోట కూడా నేను వెళ్తానని నేను చెప్పలేదు. వాళ్ళే చెప్పారు, చెప్పకుండా కూడా పంపారు. ఇక్కడ సీజను చివరి ఆట ఆడి, మైకు అడిగి తీసుకుని, నేనే చెప్పి వెళ్తాను."

"మైకు దేనికి, గొంతు లేదా? ముందు కాలు ఆపు" అన్నాను. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. అతను కోరుకున్నది కప్పు కాదు, ఇంకో ఏడాది కాంట్రాక్టూ కాదు. వెళ్ళే మాట తన నోటితో తానే అనడం.

మా క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసి ఉండదు. విదేశీ ఆటగాళ్ళకు జట్టులో ఉండే చోట్లు కొద్ది. కొత్తవాడు దిగాడంటే పాతవాడు విమానం ఎక్కాలి. మా మేనేజరు మర్యాదస్థుడు, ముఖం మీద చెప్పలేడు. అందుకని ముందు డ్రైవరును పంపి, ఆ ఆటగాడికి క్లబ్బు ఇచ్చిన కారును సర్వీసుకని తెప్పిస్తాడు. కారు లేని మనిషి మర్నాడు క్లబ్బు వ్యానులో వస్తాడు. వ్యాను దిగగానే ఆఫీసులోకి పిలుపు, ఖర్జూరం, కాఫీ, భుజం మీద చెయ్యి. కాఫీ చివరి గుటకకి సంగతి అర్థమవుతుంది. ఆ కారు తిరిగి రాగా ఎవరూ చూడలేదు, వచ్చినా వేరేవాడికి వస్తుంది. మంచివాళ్ళ పిరికితనం ఇలాగే ఉంటుంది, ఏర్పాట్లన్నీ చక్కగా చేసి పెడతారు.

ఒక సోమవారం మా డ్రైవరు ఫోను చేశాడు. జగిత్యాల దిక్కు మనిషి, నన్ను అక్కా అంటాడు, పొడుగాటి సెనెగల్ మనిషిని లంబూ సాబ్ అంటాడు.

"అక్కా, బుధారం పొద్దుగాల లంబూ సాబ్ బండి సర్వీసుకు తీస్కపొమ్మన్నరు."

"ఏం, ఆయిల్ మార్చాలా?"

"పోయిన నెలనే మార్పిచ్చిన గదా. నీకు ఎర్కనే, నాతోని ఎందుకు చెప్పిపిస్తవ్."

"అతనికి చెప్పావా?"

"నేనెట్ల చెప్తనక్కా, నా నౌకరి పోతది. నువ్వు గూడ చెప్పకు. ఈ ముచ్చట మేనేజరుకు, నాకే ఎరుక. బయటపడితే ఎవలు చెప్పిన్రంటరు? నన్నే అంటరు."

"మరి నాకెందుకు చెప్పావయ్యా?"

"మనసున పడ్తలేదక్కా. మొన్న మా అవ్వ ఫోన్ల అడిగింది, దుబాయ్‌ల తట్టల బంతి ఏస్తే కూడ జీతమిస్తరారా అని. ఆయన ఫోన్ గుంజుకొని మా అవ్వతోని నవ్వుకుంట మాట్లాడిండు. ఏం భాషనో ఏమో, అవ్వ గూడ నవ్వింది. ఇప్పుడు నేను పోయి తాళంచెవి అడగాలె."

తన బరువు నా మీద దించి ఫోను పెట్టేశాడు. నేను ఆ సాయంత్రం పొయ్యి తోమాను, ఫ్రిజ్ ఖాళీ చేసి సర్దాను, సర్దినదే మళ్ళీ సర్దాను. ముషైరిబ్‌లో ఆఫీసు నుంచి మా ఆయన వచ్చి బూట్లు విప్పుతూ, "ఇవాళ మెట్రో దగ్గర ఒకడు కనపడ్డాడు, తాటిచెట్టంత. సూట్‌కేసుకు బూట్లు వేలాడదీసుకుని హోటలు ఎక్కడని అడుగుతున్నాడు. మీ వాళ్ళకేనా?" అన్నాడు.

"మా వాళ్ళకే."

"అయితే సెనెగల్ ఆయన?"

"మీకెందుకండీ."

"నాకెందుకేంటి, నాలుగు నెలల్నించి భోజనాల దగ్గర అతని మోకాలి గురించేగా వింటున్నాను."

చెప్పాను. మా ఆయన సాంబారు కలుపుకుంటూ విన్నాడు. "మా కంపెనీలోనూ అంతే కదా. ముందు ఈమెయిల్ పనిచెయ్యదు, తర్వాత పిలుస్తారు. ఎక్కడైనా అంతే. నువ్వెళ్ళి దెబ్బలాడకు."

"ఎక్కడైనా అంతే అయితే ఎక్కడైనా తప్పే."

"తప్పే. ఆ అప్పడం ఇటివ్వు."

ఇంత అన్యాయం జరుగుతుంటే అప్పడం అడిగే మగవాళ్ళతో వాదించి లాభం లేదు.

మంగళవారం ప్రాక్టీసు. అతను మామూలుగానే వచ్చి బల్ల మీద కూర్చుని కాలు చాపాడు. చెప్పకూడదు. చెబితే డ్రైవరు కొంప మునుగుతుంది. నోరు తెరిస్తే ఏదో ఒకటి జారుతుందని భయమేసి, తెరవలేదు. కాలు ఊగుతూనే ఉంది. నేను టేపు పట్టుకుని ఊగే కాలితో పాటే నా చేతులూ ఊపుకుంటూ చుట్టేశాను. మోకాలికి పట్టీ బిగించి, బాగుందా అని అడిగాను. పైగా మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాను. అతను సీసా వంకా నా వంకా చూసి, థాంక్యూ దక్తూరా అని దిగి వెళ్ళిపోయాడు. చాలా బాగా దాచాననుకున్నాను.

బుధవారం పొద్దున్నే బయల్దేరాను, నాకు డ్యూటీ మధ్యాహ్నమైనా. మేనేజరుతో తేల్చుకుందామని. డ్రైవరు సంగతి ఎత్తకుండా, కొత్తవాడిని మా ఆయన కళ్ళారా చూశాడని మొదలుపెట్టాలి. అక్కణ్ణించి కాంట్రాక్టు సీజను చివరిదాకా ఉందని, మోకాలు నిలుస్తుందని నేను రాసిస్తానని, మర్యాద అంటే ఖర్జూరం కాదని. ట్యాక్సీలో వెనక సీట్లో పెదాలు కదుపుతూ ఇదంతా వల్లించుకుంటుంటే, నేపాలీ డ్రైవరు అద్దంలో చూసి ఏసీ పెంచాడు.

ఆఫీసు తలుపు తీసే ఉంది. మా సెనెగల్ మనిషి అప్పటికే లోపల, మేనేజరుకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కారు తాళంచెవి. పక్కనే గోడకి ఆనుకుని మా జగిత్యాల మనిషి, ఏ తప్పూ చేయకుండా దొరికిపోయినవాడిలా.

"సర్వీసు చేయించాను, కడిగించాను, ట్యాంకు నింపాను" అంటున్నాడు అతను. "మీకు శ్రమ లేకుండా. రేపు సాయంత్రం మన హాల్లో ఆట ఉంది. అది నా ఆఖరి ఆట. ఆ తర్వాత ఆడను, ఎక్కడా ఆడను. ముందు మీకు చెప్పాలని వచ్చాను."

మేనేజరు ముఖంలో మొదట ఆశ్చర్యం, తర్వాత ఎంత హాయి. లేచి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "హబీబీ, నువ్వు మా ఇంటి మనిషివి" అన్నాడు. రేపటి ఆట నీదే, కొత్తతను ఆ తర్వాతే దిగుతాడని, తానెప్పుడూ చెప్పని కొత్తతని సంగతి తానే బయటపెట్టేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాఫీ వచ్చింది. నాకూ ఒక కప్పు ఇచ్చారు. వల్లించుకొచ్చిన వాదనంతా కాఫీతో పాటు మింగాను. అది ఇప్పటికీ సరిగ్గా దిగలేదు.

వరండాలోకి వచ్చాక డ్రైవరు నా చెవిలో, "నువ్వు చెప్పినవా అక్కా?" అన్నాడు.

"ఒట్టు, చెప్పలేదు."

సెనెగల్ మనిషి వెనకే వచ్చి విన్నాడు. తెలుగు రాకపోయినా మా ముఖాలు చాలినట్టున్నాయి. "దక్తూరా ఏమీ చెప్పలేదు. నిన్న తిట్టలేదు, అంతే" అన్నాడు. "వచ్చిన రోజు నుంచి తిడుతున్న మనిషి నిన్న నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. ఎవరో చచ్చిపోయారనుకున్నాను. తర్వాత ఎవరా అని ఆలోచించాను. బీరూట్‌లో ఫ్లాటు తాళం మార్చారు. మనీలాలో ఉతకడానికి వెళ్ళిన నా జెర్సీ తిరిగి రాలేదు. ఇక్కడ కారు అని వచ్చిన వారమే విన్నాను."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే. "మరి ఎందుకు తలవంచావు? సీజను చివరిదాకా ఆడాలన్నావుగా. కాంట్రాక్టు ఉంది, పోట్లాడాలి. నేను పోట్లాడేదాన్ని."

"మీరు పోట్లాడతారు. గెలుస్తారు కూడా. అప్పుడు మిగిలిన ఆటలన్నీ నేను బెంచీ మీద కూర్చుని చూస్తాను." తాళంచెవి లేని చేతిని జేబులో పెట్టుకున్నాడు. "చివరి ఆట కావాలన్నాను. రేపటిది చివరిదని నేను చెప్పాను కాబట్టి, రేపటిదే చివరిది."

ఇది గెలుపో సర్దుబాటో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనది గెలుపని వాదన. నేను రోజుకో పక్క ఉంటాను.

గురువారం సాయంత్రం చివరిసారి టేపు చుట్టాను. నోటికి వచ్చిందల్లా తిట్టాను. కాలు ఆపమన్నాను, మొద్దు అన్నాను, ఇంత పొడుగు పెంచి బుర్ర మాత్రం మరిచారా మీ వాళ్ళు అన్నాను. అతను ఎప్పటిలాగే కాలు ఊపుతూ, అరటిపండు తింటూ ఉన్నాడు. ఆటలో మొదటి సగం బాగానే ఆడాడు. మూడో భాగంలో ఒకసారి ఎగిరి దిగినప్పుడు కుడికాలు సరిగ్గా ఆనలేదు. నేను లేచి నిలబడ్డాను, కోచ్ అతణ్ణి పిలిచేశాడు. ఆ తర్వాత బెంచీ మీదే. ఆట ఓడిపోయాం. అతను మైకు అడిగి తీసుకుని, అరబ్బీలో ముందే నేర్చుకున్న మూడు ముక్కల్లో తాను వెళ్తున్నానని చెప్పాడు. హాలులో ఉన్న కొద్దిమందీ చప్పట్లు కొట్టారు. మెట్ల మీద మా డ్రైవరు అందరి కంటే ఎక్కువ సేపు కొట్టాడు.

గదిలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను కత్తెరతో టేపు కోసి తీశాను. మోకాలు అప్పటికే ఉబ్బుతోంది. ఐస్ సంచీ తెచ్చి, "కదలకుండా కూర్చో, ఇరవై నిమిషాలు. లేకపోతే ఎల్లుండి ప్రాక్టీసులో..." అని ఆగాను.

"నాకిక ప్రాక్టీసు లేదు కదా, దక్తూరా. ఐస్ ఎందుకు?"

నేను సంచీ మోకాలి మీద పెట్టి, పట్టీతో చుట్టి కట్టాను. అతను వద్దనలేదు. స్టూలు మీద ఆ కాలు చాపుకుని, రెండో కాలు ఊపుతూ కూర్చున్నాడు. బయట డ్రైవరు వ్యాను స్టార్టు చేసి ఉంచాడు. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ, సర్ది ఉన్న టేపు చుట్టలను మళ్ళీ సర్దుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, కాలు ఊపడం ఆపేశాడు.